ఎర్త్ గుంతకు పూసిన పసుపు

1989 వేసవి. హనుమకొండలో పది మంచాల నర్సింగ్ హోమ్ ఒకటి ఉండేది. అందులో రెండు మంచాలతో ఒక ఐసీయూ గది, ఆ గదిలో గుండె కొట్టుకునే తీరును తెర మీద గీతగా చూపించే కార్డియాక్ మానిటర్. ఆ మానిటర్ మా కంపెనీ అమ్మింది. నేను ఆ కంపెనీకి వరంగల్ ప్రాంతపు సర్వీస్ ఇంజనీరును. మహిళా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగేళ్ళు.

ఆ రోజుల్లో టూల్స్ బ్యాగు భుజాన వేసుకుని ఏ దవాఖానకు పోయినా మొదటి ప్రశ్న ఒకటే: "ఇంజనీరు సారు ఎనక వస్తాండా అమ్మా?" సారు ఎవరూ రారు, నేనే ఇంజనీరునని చెబితే నమ్మడానికి వాళ్ళకు అరగంట పట్టేది. ఆ అరగంటలు మోసీ మోసీ నాకొక రోగం అంటుకుంది. "ఇది నాకు తెలియడం లేదు" అని ఒప్పుకోలేని రోగం. ఈ కథలో చెడిన మిషన్ కన్నా ముందు చెప్పుకోవలసింది దాని గురించే.

ఏప్రిల్ చివర్లో ఫోన్ వచ్చింది. మానిటర్ మీద గీత ఉన్నట్టుండి ఎగిరిపడుతోంది, నిమిషానికి డెబ్బై ఉండాల్సిన అంకె నూట తొంభై చూపిస్తోంది, అలారం మోగుతోంది, మంచం పక్కన కూర్చున్నవాళ్ళు ఏడుపందుకుంటున్నారు. డాక్టరు గారు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని చూస్తే నాడి శుభ్రంగా ఉంటోంది. నేను వెళ్ళి వైర్లు, ఎలక్ట్రోడ్లు, లోపలి బోర్డులు అన్నీ చూశాను. రెండు గంటలు కూర్చున్నాను. నా ఎదుట అది బుద్ధిమంతురాలిలా ఒక్కసారి కూడా తప్పు చేయలేదు.

అప్పుడు చేశాను ఆ పని. మా సర్వీస్ వాళ్ళకు ఒక అడ్డదారి ఉండేది. లోపం దొరక్కపోతే కాల్ రిపోర్టులో "మాయిశ్చర్ సస్పెక్టెడ్" అని రాసేవాళ్ళం. తేమ చేరి ఉండవచ్చు, అంతే. కంపెనీ మీద మాట రాదు, మన మీద మాట రాదు, తేమ వచ్చి కాదని వాదించదు. నేను ఇంకో అడుగు ముందుకేసి, "నేల కడిగేటప్పుడు నీళ్ళు చేరి ఉండవచ్చు" అని కూడా రాసి, డాక్టరు గారి సంతకం తీసుకుని, టీ తాగి వచ్చేశాను.

పది రోజుల తర్వాత మళ్ళీ ఫోన్. అదే గోల. ఈసారి ఆఫీసులో ఉన్న పాత ఆసిలోస్కోపును రిక్షాలో వేసుకుని పోయాను. మల్టీమీటర్ కరెంటు ఎంత ఉందో చెబుతుంది. స్కోపు ఆ కరెంటు క్షణక్షణానికీ ఎలా పైకి లేచి కిందికి దిగుతోందో గీత గీసి చూపిస్తుంది. మా దగ్గరున్నది పాత అనలాగ్ రకం. గోడకున్న ప్లగ్గులో పెడితే తప్ప పనిచేయదు, ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవదు.

గేటు దగ్గర సైకిల్ స్టాండు గట్టు మీద ఒక ఆమె కూర్చుని ఉంది. అరవైకి దగ్గర్లో ఉంటుంది, ఒళ్ళో చిన్న గుడ్డమూట. నర్సింగ్ హోమ్ ఆయమ్మ కొమురమ్మ. వెళ్ళినప్పుడల్లా నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చేది, నేను ఇంజనీరునంటే మారు ప్రశ్న వేయకుండా నమ్మిన మనిషి వరంగల్ మొత్తంలో ఆమె ఒక్కతే.

"ఇక్కడ కూర్చున్నావేం కొమురమ్మా?"

"పనిల నుంచి తీసేసిన్రు బిడ్డా. మిషన్ల నీళ్ళు వోసిన్నంట. పదకొండేండ్ల సంది తుడుస్తాన, ఒక్క సుక్క మీద వడనియ్యలె. కాయితం మీద రాసి ఉన్నదంట." ఆమె నా మొహంలోకి చూసింది. "ఎవరు రాసిన్రో ఎర్కేనా నీకు?"

నేను తెలియదన్నాను. నా నోటితోనే అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్నప్పుడు కూడా సిగ్గేస్తోంది.

లోపలికి పోతే డాక్టరు గారు కూడా ఇబ్బందిగానే ఉన్నారు. ఆయన మంచివాడే, కోపం మాత్రం ముక్కు మీద ఉంటుంది. "మీ రిపోర్టులో ఉంది కదమ్మా, నీళ్ళు చేరాయని. నాకు మాత్రం బాధ లేదా? ఐసీయూ మిషన్ మీద నీళ్ళు పోసే మనిషిని ఎట్లా ఉంచుకోను? పొమ్మంటే పోదు, రోజూ పొద్దున్నే వచ్చి గేటు దగ్గర కూర్చుంటోంది. తాను నీళ్ళు పోయలేదని ఎవరన్నా చెప్పేదాకా లేవనంటోంది."

ఆ ఎవరన్నా ఎవరో నాకు అర్థమైంది.

స్కోపు ప్లగ్గులో పెట్టి మానిటర్ సిగ్నల్ చూశాను. గీత నున్నగా ఉంది. అలారం మోగిన క్షణంలో కూడా స్కోపు మీద చిన్న వణుకు కనిపించి, నేను కన్నార్పేలోగా పోయింది. అనలాగ్ స్కోపుకు జ్ఞాపకం ఉండదు. దాటిపోయిన దాన్ని మళ్ళీ చూపించమంటే చూపించలేదు.

ఆ మంచం మీద మరిపెడ వైపు నుంచి వచ్చిన మిర్చి రైతు ఒకాయన ఉన్నాడు. వచ్చి నాలుగు రోజులైంది, నొప్పి తగ్గింది, నోరు లేచింది. నన్ను చాలాసేపు చూసి అన్నాడు: "బిడ్డా, ఒకటి జెప్పాల్నా? ఆ గంట మోగేటప్పుడు గీ మంచం పట్టీ పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటది."

"ఈ ముక్క డాక్టరు గారికి చెప్పలేదా?"

"జెప్తే ఇంకో సూది ఏస్తడని జెప్పలె."

ఆ ఇనుప మంచానికి మానిటర్ ట్రాలీ ఆనుకుని ఉంది. ట్రాలీ నుంచి మంచానికి కరెంటు వస్తోందంటే మిషన్ ఒంట్లోకి ఎక్కడి నుంచో కరెంటు దిగుతోందన్నమాట. అది గుండె జబ్బు మనిషి విషయంలో నవ్వులాట కాదు. మల్టీమీటర్ పెట్టాను, ముల్లు కదల్లేదు. అయినా మంచాన్ని ట్రాలీకి దూరంగా జరిపించి, నేను మళ్ళీ వచ్చేదాకా మానిటర్ ఆపేసి చేతి నాడే చూడమని డాక్టరు గారికి చెప్పాను. ఆయన గొణుక్కుంటూ ఒప్పుకున్నారు.

తిరుగు దారిలో రిక్షాలో వస్తుంటే వెలిగింది. మిషన్ల లోహపు ఒళ్ళన్నీ ఎర్త్ వైరుకు కలిపి ఉంటాయి. పొరపాటున ఒంట్లోకి దిగిన కరెంటు ఆ వైరు గుండా భూమిలోకి పోవాలి. నా స్కోపు కూడా ప్లగ్గులోని అదే ఎర్త్‌కు కట్టుబడి ఉంది. ఆ ఎర్తే చెడిపోతే మిషనూ స్కోపూ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. తేడా ఎక్కడ కనపడుతుంది? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఆ దొంగను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా వెతికాను.

కావలసింది గోడకు కట్టుబడని స్కోపు. సికింద్రాబాద్ ఆఫీసులో కొత్తగా ఒక పోర్టబుల్ డిజిటల్ స్టోరేజ్ స్కోపు వచ్చిందని విన్నాను. ఫోన్ చేస్తే మా మేనేజరు, "అమ్మా, అది మొత్తం రాష్ట్రానికి ఒక్కటే. మూడు రోజులిస్తా. పడేస్తే నువ్వు రావద్దు, అది కూడా రావద్దు," అన్నాడు. వెళ్ళి తెచ్చుకున్నాను. రెండు కిలోలు కూడా లేదు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటే కండక్టరు టేప్ రికార్డరా అని అడిగి, ఒక పాట పెట్టమన్నాడు.

దాని గుణాలు నాలుగు మాటల్లో చెబుతాను, ఎందుకంటే ఈ కథంతా వాటి మీదే నడిచింది. ఒకటి, అది బ్యాటరీతో నడుస్తుంది, కాబట్టి దేనికీ కట్టుబడి ఉండదు. వచ్చిన సిగ్నల్‌ను అంకెలుగా మార్చి జ్ఞాపకం పెట్టుకుంటుంది, కాబట్టి ఒక్కసారి వచ్చి పోయిన దాన్ని కూడా తెర మీద ఆపి ఉంచుతుంది. ట్రిగ్గర్ అని ఒకటి ఉంటుంది, అది కావలివాడు. "ఇంత వోల్టేజీ దాటితే పట్టుకో" అని చెప్పి మనం టీ తాగి రావచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చింది ప్రీ-ట్రిగ్గర్. దొంగ తలుపు తీసిన క్షణమే కాదు, దానికి ముందు ఏం జరిగిందో కూడా చూపిస్తుంది. ఆ రోజుల్లో నాకు అది మాయలాగే అనిపించింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నర్సింగ్ హోమ్‌కు చేరాను. గేటు దగ్గర కొమురమ్మ ఉంది. నా చేతిలో డబ్బా చూసి, "కొత్త మిషనా బిడ్డా?" అంది. తల ఊపి లోపలికి పోయాను. నిలబడి మాట్లాడే ధైర్యం లేదు.

స్కోపు క్లిప్పును వాష్ బేసిన్ కింద భూమిలోకి దిగిన పాత ఇనుప నల్లా పైపుకు తగిలించాను. కొలిచే తీగ, అంటే ప్రోబు, కొనను మానిటర్ ఒంటికి పెట్టాను. నేల ఒకవైపు, మిషన్ ఒకవైపు. పది వోల్టులు దాటితే పట్టుకొమ్మని ట్రిగ్గర్‌కు చెప్పి సింగిల్ షాట్ నొక్కాను. ఇక ఒక్క సంఘటనను పట్టుకుని అది ఆగిపోతుంది. తెర ఖాళీగా ఎదురు చూస్తోంది, నేనూ చూస్తున్నాను.

మిర్చి రైతు పక్క మంచానికి మారాడు. "గిది నా గుండెదా, ఎవని గుండెది?" అన్నాడు.

"ఎవరి గుండెదీ కాదు తాతా, బిల్డింగుది."

"బిల్డింగుకు గూడ దవాఖాననేనా!"

అతను నవ్వుతుండగానే స్కోపు టిక్కుమంది. తెర మీద మొదట పావు భాగం సన్నటి తిన్నని గీత. తర్వాత ఒక్కసారిగా లావాటి అలలు, పక్కపక్కన, ఒకే కొలతతో. స్కోపు మీద కర్సర్లు అని రెండు నిలువు గీతలుంటాయి, వాటిని జరిపి రెండు అలల మధ్య కాలం కొలిచాను. సెకనుకు యాభై అలలు. గుండె సెకనుకు యాభైసార్లు కొట్టుకోదు. అది గోడలోని కరెంటు. ఎత్తు కొలిస్తే నలభై వోల్టులకు అటూ ఇటూగా ఉంది. మంచం జివ్వుమనడంలో వింతేముంది.

మళ్ళీ పెట్టాను, మళ్ళీ పట్టుకుంది. మూడోసారి కూడా. మధ్యలో ఆరేడు నిమిషాల ఎడం ఉంటోంది. ఆరేడు నిమిషాలకోసారి దానంతటదే ఆన్ అయ్యే వస్తువు ఈ ఇంట్లో ఏముంది? తలుపు దగ్గర నిలబడి చూస్తే, పక్క గదిలో సిరంజీలు ఉడకబెట్టే స్టెరిలైజర్ మీద ఎర్రదీపం వెలిగింది, వెనక స్కోపు టిక్కుమంది. నర్సు లీలమ్మను ఆ స్విచ్ తీసేయమన్నాను. పావుగంట పాటు తెర ఖాళీ. వేయమన్నాను, అలలు. హీటరు లోపల ఎక్కడో కరెంటు కొద్దిగా ఒంట్లోకి లీకవుతోంది. మల్టీమీటర్ పెట్టిన రోజు ముల్లు కదలకపోవడానికి కారణం, ఆ నిమిషంలో హీటరు ఆగి ఉండటమే.

సగం దొంగ దొరికాడు. మిగతా సగం ఏమిటంటే, అలా లీకైన కరెంటు భూమిలోకి పోవాలి కదా, ఎందుకు పోవడం లేదు? ఇన్నేళ్ళూ పోయి ఇప్పుడెందుకు ఆగింది?

"సార్, మీ ఎర్త్ గుంత ఎక్కడుంది?"

డాక్టరు గారికి తెలియదు. ఇద్దరం భవనం వెనక్కి పోయాం. ప్రహరీ గోడ పక్కన జానెడెత్తు ఇటుకల గూడు, దాని మీద బండ. ఇటుకలకు పసుపు పూసి బొట్లు పెట్టి ఉన్నాయి, ఎండకు వెలిసిపోయాయి.

"అదా? అది మా కొమురమ్మ మైసమ్మ," అన్నారు డాక్టరు గారు. "ఎండాకాలం తాగే నీళ్ళకు మనం ట్యాంకరు తెప్పించుకుంటుంటే, ఈమె రోజూ దీనికి రెండు బకెట్లు పోసేది. ఏప్రిల్ మొదట్లో నేనే గట్టిగా తిట్టి ఆపించాను. మూఢనమ్మకానికి ఒక హద్దుండాలి."

నేను బండ జరిపాను. మధ్యలో ఇనుప పైపు, దాని నోట్లో గరాటు, చుట్టూ బొగ్గు, ఉప్పు. పైపు మెడకు బిగించిన ఎర్త్ తీగ గోడలోకి పోతోంది. మట్టి బీటలు వారి, వేలు పెడితే పొడిపొడిగా రాలింది. ఎండిన మట్టి కరెంటును తీసుకోదు. తడిగా ఉంటేనే తీసుకుంటుంది, అందుకే ఎర్త్ గుంతకు నీళ్ళు పోస్తూ ఉండాలి. ఇది మాకు పాలిటెక్నిక్ మొదటి ఏడాది పాఠం.

"సార్, ఇది మైసమ్మ కాదు. మీ బిల్డింగ్ ఎర్త్."

ఆయన వంగి ఆ మట్టిని వేళ్ళతో నలిపి చూశారు. తర్వాత తానే గేటు దాకా నడిచి కొమురమ్మను తీసుకొచ్చారు. ఆమె తెరిచిన గుంతను చూసి, మా ఇద్దరినీ చూసింది.

"కొమురమ్మా, దీనికి నీళ్ళు ఎందుకు పోసేదానివి?" అని అడిగాను.

"బిల్డింగు కట్టినప్పుడు కరెంటాయన జెప్పిండు. అవ్వా, దీంట్ల దినాం రెండు బకిట్లు వొయ్యి, మర్వకు అన్నడు. నేను మర్వలె."

"మరి ఈ పసుపు, బొట్లు?"

"మొగోళ్ళు గీ గోడకే నిలవడి ఉచ్చ వోస్తాండె. పసుపు రాసి బొట్టు వెట్టిన. అప్పటిసంది ఒక్కడు గిటు దిక్కు రాలె." ఆమె కొంచెం గర్వంగానే చెప్పింది. "గిది దేవత అని నేనెన్నడన్న అన్ననా?"

"నేను ఆపమన్నప్పుడు ఈ మాట చెప్పొచ్చు కదా!" అన్నారు డాక్టరు గారు.

"జెప్పనిస్తిరా సారూ? నోరు తెరిస్తె గుడ్లెర్ర జేస్తిరి. పెద్ద సదువులు సదివినోళ్ళు, మీకు ఎర్క ఉండదా అనుకున్న."

డాక్టరు గారు తల దించుకున్నారు. నా తల ఎప్పుడో దిగి ఉంది.

కొమురమ్మ ఇంకేం అడగకుండా మూట పక్కన పెట్టి, కొంగు దోపి, బకెట్ తెచ్చి గరాట్లో పోసింది. నీళ్ళు పీల్చుకున్న చప్పుడు బయటికి వినిపించింది. రెండో బకెట్ డాక్టరు గారు మోసుకొచ్చారు. ఆయన్ను ఎవరూ అడగలేదు. నేను లోపలికి పోయి, పొద్దుటి అలల్ని చెరిగిపోకుండా స్కోపు జ్ఞాపకంలో దాచాను. స్టెరిలైజర్ వేయించి కొలిచాను. ముప్పై. ఇంకో రెండు బకెట్లు, ఇంకో పావుగంట. పద్దెనిమిది. బ్యాటరీ దీపం మిణుకుమంటోంది. అది ఆరిపోయేలోగా ఆఖరి గీత పట్టుకోవాలని నా గుండె కూడా సెకనుకు యాభైసార్లు కొట్టుకున్నట్టే ఉంది. ఇంకో రెండు బకెట్ల తర్వాత నాలుగు వోల్టులకు దిగింది. మానిటర్ వేసి చూస్తే గీత తిన్నగా నడిచింది, మిర్చి రైతు డెబ్బై రెండు దగ్గర నింపాదిగా ఉన్నాడు.

కొమురమ్మను స్కోపు ముందు కూర్చోబెట్టాను. దాచిన గీతనూ కొత్త గీతనూ ఒకే తెర మీద చూపించే సౌకర్యం ఉంది దానికి.

"పైన ఎగిరేది నువ్వు నీళ్ళు పోయని రోజులది. కింద ఈ చిన్నది ఇప్పటిది, నువ్వు పోసినాక."

ఆమె వేలితో తెర తాకబోయి ఆగింది. "అంటే నేను నీళ్ళు వోసినందుకు మిషన్ ఖరాబు కాలె."

"కాలేదు. పోయనందుకు అయింది."

అప్పుడు చెప్పాను. ఆ కాగితం నేనే రాశానని, నీళ్ళు పడటం నేను చూడలేదని, ఏమీ దొరక్క రాశానని, గేటు దగ్గర అడిగితే అబద్ధం చెప్పానని. చెబుతుంటే కళ్ళనీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. లీలమ్మ, డాక్టరు గారు, మంచం మీద తాత, అందరి ఎదుటా చెప్పాను.

కొమురమ్మ తెర మీంచి చూపు నా వైపు తిప్పింది. "ఆ దినమే తెల్వదు అని రాస్తె ఏం బోతుండె బిడ్డా?" అంది. తర్వాత, "ఏడ్వకు. ఇప్పుడు సూసినవు గదా. సూసింది రాయి," అంది.

రిపోర్టు పుస్తకం తీసి రాశాను. పాత రిపోర్టులోని తేమ మాట తప్పు అని మొదటి వాక్యం. స్టెరిలైజర్ హీటరు మార్చాలి, ఎర్త్ గుంత ఎండింది, రోజూ రెండు బకెట్లు పోయాలి. ఆయా కొమురమ్మ వల్ల ఏ లోపమూ జరగలేదు. తెలుగులో గట్టిగా చదివి వినిపించాను. డాక్టరు గారు సంతకం చేసి పెన్ను మూయబోతే, "నాది?" అంది కొమురమ్మ. స్టాంపు ప్యాడ్ తెచ్చి ఆయన సంతకం కిందే వేలిముద్ర వేయించాం. రిపోర్టు ఆఫీసుకు చేరాక మా మేనేజరు ఫోన్ చేసి, కస్టమర్ సంతకం దగ్గర ఈ ముద్ర ఎవరిదని అడిగాడు. ఎర్తింగ్ ఇన్‌ఛార్జిదని చెప్పాను. అబద్ధమేం కాదు, ముద్ర వేసిన సాయంత్రం నుంచే డాక్టరు గారు ఆమెను అలాగే పిలవడం మొదలుపెట్టారు.

తర్వాత చాలా ఏళ్ళు ఈ పని చేశాను. ఇంకా మంచి స్కోపులు, చేతిలో ఇమిడేవి, చూశాను. ఏదీ మనిషిలా చూడనిది చూశానని రాయదు. కనపడకపోతే తెర ఖాళీగా ఉంచుతుంది. ఆ బుద్ధి నేను ఒక మిషన్ దగ్గరా, ఒక ఆయమ్మ దగ్గరా నేర్చుకున్నాను. దొరకని రోజు రిపోర్టులో "కారణం తెలియలేదు, మళ్ళీ వస్తాను" అని రాసేదాన్ని. కొందరు నవ్వారు, ఇద్దరు ముగ్గురు సారును పంపమన్నారు. రాస్తూనే ఉన్నాను.

కొమురమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ నర్సింగ్ హోమ్‌కు పోతే ఐసీయూలోకి తిన్నగా పోనిచ్చేది కాదు. చెయ్యి పట్టుకుని భవనం వెనక్కి తీసుకుపోయేది. తాజా పసుపు, తడి మట్టి.

"ముంగట నా మిషన్ సూడు బిడ్డా. ఎనక డాక్టరు మిషన్ సూద్దువు."